తుఫాను వేళ మన ఇళ్లు, మన ఆడవారు

(సంఘ వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభలో పిల్లల స్కాలర్‌షిప్పులు, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లకు సాయము, కబరస్తాను ప్రహరీ గోడ, ఇట్టి విషయాలు మాట్లాడుకొనుట ఆనవాయితీ. వాటి లెక్కలు కార్యదర్శి గారు ఇంతకు మునుపే చదివి వినిపించారు. ఈసారి కార్యవర్గము మాకు అప్పగించిన విషయము వేరు. తుఫానును గూర్చి మాట్లాడమన్నారు. వానాకాలం పోయాక తుఫాను కబుర్లేమిటని కొందరికి అనిపించవచ్చును. మన తీరానికి పెద్ద తుఫానులు వచ్చిన నెలలు ఒకసారి చూడండి: 1864లో నవంబరు, 1977లో నవంబరు, 1990లో మే, 2010లో లైలా వచ్చినది మే, 2023లో మిచౌంగ్ వచ్చినది డిసెంబరు. బంగాళాఖాతంలో తుఫాను కాలాలు రెండు. ఒకటి ఎండాకాలం చివర, రెండవది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నడి వానాకాలంలో మనకు వరదల భయం ఎక్కువ గాని తుఫాను భయం తక్కువ.

మన బందరు పాత రేవు పట్టణము. డచ్చివారు, ఇంగ్లీషువారు వచ్చి వర్తకం చేసిన రోజుల నుంచి దీని పేరు దేశదేశాలకు తెలుసు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ ఒక్క తుఫానులో పోయినవారు సుమారు 30,000 మంది అని చరిత్ర చెబుతున్నది. ఆ తర్వాత రేవు మునుపటి రేవు కాలేదు. మళ్లీ నూట పదమూడేళ్లకు, 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ. నాగాయలంక, కోడూరు, హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది. ఈ పేర్లు అరవై దాటినవారి ముందు పలికితే చాలు, ఇంకేమీ చెప్పనక్కరలేదు. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది. జనం నోట వినబడే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో వారి జ్ఞాపకార్థం కట్టిన స్తూపం ఉన్నది. ఆ దారిన పోయేవారు పిల్లలకు చూపించండి.

ఆనాడు అంతమందిని చంపినది గాలి కాదు, ఉప్పెన. ఈ తేడా మన పిల్లలకు ఈనాటికీ సరిగా తెలియదు. గాలికి ఇల్లు పడితే ఎవరో ఒకరు బతికి బయటపడతారు. ఉప్పెన అట్లా కాదు. తుఫాను నడిమధ్యన గాలి బరువు తగ్గిపోయి నీటి మట్టం కొంత లేస్తుంది. అది కొంతే. అసలు పని చేసేది చుట్టూ తిరిగే గాలి. గంటల తరబడి ఒకే వైపు నీటిని తోసుకొస్తుంది. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ గనుక ఆ నీరు కిందికి జారిపోవడానికి దారి లేక పైకి లేచి నేల మీద పడుతుంది. నేల చూస్తే కృష్ణా ముఖద్వారం దగ్గర పళ్లెం లాగా చదునుగా ఉన్నది. దివిసీమలో నీరు తాటిచెట్టంత లేచిందని చూసినవారు చెబుతారు. కొలిచినవారు అయిదారు మీటర్లన్నారు. అంటే ఒక అంతస్తు డాబా ఇల్లు పైకప్పుతో సహా మునుగుతుంది. ఒక మీటరు పొడుగు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న నీళ్లు ఒక టన్ను బరువు. అది పరుగున వచ్చి తాకితే మట్టి గోడ ఏమిటి, ఇటుక గోడ ఏమిటి.

ఇంకొక సంగతి, బందరు వారు ముఖ్యముగా గుర్తు పెట్టుకోవలసినది. 1977 తుఫాను కేంద్రము తీరం దాటినది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. మరి దివిసీమ ఎందుకు మునిగింది? తుఫాను వెంట మీరూ సముద్రం నుంచి నేల మీదికి నడిచి వస్తున్నారనుకోండి. మీ కుడిచేతి వైపు గాలి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది. ఎడమచేతి వైపు ఒడ్డు నుంచి సముద్రంలోకి కొడుతుంది. కనుక నీరు లేచేది కుడి పక్కన. మన తీరాన కుడి పక్క అంటే ఉత్తరం వైపు. చీరాలకు కుడి పక్కన ఉన్నది దివిసీమ, దాని తర్వాత మనం. ఇప్పుడు టీవీలో "బాపట్ల దగ్గర తీరం దాటుతుంది" అనగానే మన వీధుల్లో "అమ్మయ్య, మనకు కాదులే" అని తలుపులు తీసి కూర్చుంటున్నారు. మిచౌంగ్ నాడు మేము కళ్లారా చూశాము. ఆ మాట విన్నప్పుడు మనకు భయం పెరగాలి గాని తగ్గగూడదు.

ఐతే 1977కు, ఈనాటికి మధ్య ఏమీ మారలేదని చెప్పడం అన్యాయం. 1990 మే 9న అదే కృష్ణా తీరానికి, 1977 దానికి ఏమాత్రం తీసిపోని తుఫాను వచ్చింది. పోయినవారు తొమ్మిది వందల పైచిలుకు. అదీ తక్కువ కాదు. కాని పదివేలు కాదు. లక్షల మందిని ముందుగా ఊళ్ల నుంచి కదిలించడమే దానికి ముఖ్య కారణం. ఒరిస్సా సంగతి ఇంకా స్పష్టం. 1999 అక్టోబరు 29 మహా తుఫానులో అక్కడ పదివేల మంది దాకా పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం వేలలో కాదు గదా, వందకు కూడా చేరలేదు. తుఫానును ఆపలేము, మనుషులను మాత్రం జరపగలము అని ఈ లెక్కలే చెబుతున్నవి.

దేశం మొత్తానికి జరిగిన ఏర్పాట్లు త్వరగా చెప్పి ముందుకు పోతాము. ఒరిస్సా తుఫాను, 2001 జనవరి 26 గుజరాత్ భూకంపము, 2004 డిసెంబరు 26 సునామీ, ఈ మూడు దెబ్బల తర్వాత 2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. దాని కింద ఢిల్లీలో జాతీయ సంస్థ, రాష్ట్రాలలో రాష్ట్ర సంస్థలు, జిల్లాకు కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లా సంస్థ. 2006 నుంచి జాతీయ విపత్తు దళము ఉన్నది. వారి పదవ బెటాలియన్ మన జిల్లాలోనే, గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్నది. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి హైదరాబాదులో పనిచేస్తున్నది. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరికల కేంద్రం, మన బందరులోనే వాతావరణ శాఖ రాడారు. ఇన్ని కళ్లు సముద్రం మీద పెట్టి ఉన్నవి. 1977లో ఇందులో ఎన్ని ఉన్నాయో పెద్దలకు తెలుసు.

వారు చెప్పే హెచ్చరికలు నాలుగు మెట్లు. మొదటిది మూడు రోజుల ముందు, అది అధికారుల కొరకు. రెండవది రెండు రోజుల ముందు, పసుపు రంగు. మూడవది కనీసం 24 గంటల ముందు, నారింజ రంగు. తీరం ఎక్కడ దాటేది, ఉప్పెన ఎంత లేచేది ఇందులో చెబుతారు. నాలుగవది దాదాపు 12 గంటల ముందు, ఎరుపు. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు వేరు, 1 నుంచి 11 దాకా. 8, 9, 10 మహా ప్రమాదము. 11 అంటే పదికన్నా ఒకటి ఎక్కువ ప్రమాదమని చాలామంది అనుకుంటారు. దాని అర్థము హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని. ఇక ముందు కబురు రాదు, మీ తెలివిని బట్టి మీరు మసలుకోండి అన్నమాట. మా సలహా ఒక్కటే. ఎరుపు దాకా ఆగవద్దు. నారింజ రంగు వచ్చిన నాడు, పగటి వెలుతురు ఉండగానే, ముసలివారితో, పిల్లలతో, ఆడవారితో కదలాలి. ఎరుపు వచ్చేసరికి చెట్లు రోడ్డు మీద పడి ఉంటాయి. ఆటో రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇన్ని హెచ్చరికలు వస్తున్నా ఇళ్లలో మిగిలిపోయేవారు ఎవరు?

దీనికి జవాబు మన సముద్రానికే అవతలి ఒడ్డున ఉన్నది. బంగాళాఖాతం ఉత్తరపు అంచున బంగ్లాదేశ్. 1970 నవంబరు 12న, అది ఇంకా తూర్పు పాకిస్తానుగా ఉన్నప్పుడు, భోలా తుఫానులో మూడు లక్షల మందికి పైగా పోయారని అంచనా. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వమూ, రెడ్ క్రాసూ కలిసి వాలంటీర్లను తయారు చేశారు. చేతి మైకులు, జెండాలు, సైకిళ్లు ఇచ్చి ఊరూరా తిప్పారు. మసీదు మైకుల్లో కూడా హెచ్చరిక చెప్పించారు. మళ్లీ 1991 ఏప్రిల్ 29న మహా తుఫాను వచ్చింది. ఒక లక్షా 38 వేల మంది దాకా పోయారు. ఆ తర్వాత లెక్కలు తీసినవారికి ఒక సంగతి కనబడింది. 20 నుంచి 44 ఏళ్ల వయసులో ఉన్న ఆడవారిలో వెయ్యికి 71 మంది పోయారు. అదే వయసు మగవారిలో వెయ్యికి 15 మంది. ఒకే ఊరు, ఒకే నీరు, ఒకే రాత్రి. నడివయసులో, కాళ్లూ చేతులూ బాగున్న స్త్రీలు ఇట్లా పోయారు.

ఎందుకని? హెచ్చరిక వారికి అందలేదు, అందినా మగవారు ఇంటికి వచ్చేదాకా ఆగారు. షెల్టరులో పరాయి మగవారి మధ్య రాత్రి గడపడానికి మనసొప్పలేదు. ఇద్దరు పిల్లలను చంకనేసుకుని, చీర కాళ్లకు చుట్టుకుంటూ నీళ్లలో నడవలేకపోయారు. ఈత నేర్పినవారు లేరు. ఇది గోషా ఉన్న ఇళ్ల సంగతే అనుకోవద్దు. 2004 సునామీలో తమిళనాడు కడలూరు తీరంలోని పల్లెల్లోనూ మగవారికన్నా ఆడవారే ఎక్కువగా పోయారు. అక్కడ వారిని పరదా ఆపలేదు. ఇంటి పని, పిల్లల బాధ్యత ఒడ్డున కట్టిపడేశాయి. గోషా ఉండాలా, వద్దా అన్న చర్చకు ఇది వేదిక కాదు. ఉన్న ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలోని మనిషి ప్రాణాలతో బయటపడే ఏర్పాటు ఏమిటన్నదే మన ముందున్న ప్రశ్న.

బంగ్లాదేశ్ వారు ఏడ్చి ఊరుకోలేదు. వాలంటీర్లలో ఆడవారిని చేర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఆ వాలంటీర్లు 76 వేల మంది దాకా ఉన్నారు. అందులో సగం మంది స్త్రీలు. ఇంటి గడప దాటి వంటింటి దాకా వెళ్లి, "అక్కా, పిల్లలను తీసుకో, నేను నీతో నడుస్తాను" అనడానికి ఆడమనిషి కావాలి. మగ వాలంటీరు వీధిలో నిలబడి మైకులో అరచి పోతాడు. షెల్టర్లలో స్త్రీలకు వేరే గదులు కట్టసాగారు. 2007 నవంబరులో సిద్ర్ తుఫాను వచ్చింది. బలంలో అది చిన్నదేమీ కాదు. పోయినవారు 3,400 దాకా. ఒక లక్షా 38 వేల పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

ఇక మన వీధుల సంగతి. ఈ ప్రసంగం తయారు చేసుకునేందుకు కార్యవర్గం నుంచి మేము కొందరము, మహిళా విభాగం నుంచి ఇద్దరు సోదరీమణులు నాలుగు వీధులు తిరిగాము. ఎక్కువ ఇళ్లలో పగటిపూట మగవారు లేరు. ఒకరు లారీ మీద, ఒకరు హైదరాబాదులో, ఒకరు గల్ఫులో. ఇంట్లో రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతుకుతూ, బట్టలు కుడుతూ ఆడవారు, పిల్లలు, మంచం మీద ఒక ముసలి ప్రాణం. "ఫోనుకు మెసేజి వస్తుంది గదా" అని మీరనవచ్చు. ఆ మెసేజి టవరును బట్టి వస్తుంది. బందరు టవరు కింద ఉన్న ఫోనుకే బందరు హెచ్చరిక వస్తుంది. హైదరాబాదులో ఉన్న యజమాని జేబులోని ఫోను మోగదు. ఇంట్లో ఉన్న ఫోనుకు వచ్చినా అది పిల్లవాడి చేతిలో ఆటలాడుతూ ఉంటుంది. లేదా చదవగలిగినవారు ఆ పూట ఇంట్లో ఉండరు.

ఒక పెద్దావిడను అడిగాము: "తుఫాను వస్తే ఎక్కడికి వెళ్తారు ఖాలా?"

"ఎక్కడికీ పోను బేటా. పోయినసారి ఒక స్కూల్లో పెట్టారు. అందరికీ ఒకటే హాలు. దొడ్డి ఎక్కడో పెరటి చివర, తలుపుకి గడియ లేదు. రాత్రంతా గుక్కెడు మంచినీళ్లు తాగలేదు. తాగితే బయటికి పోవాల్సి వస్తుందని. ఈసారి ఏదైతే అది కానీ, నా ఇంట్లోనే ఉంటా."

ఈ మాట విన్న తర్వాత ఆ నాలుగు వీధుల్లో మేము వేరే ప్రశ్నలు పెద్దగా అడగలేదు. ఒక గడియ, ఒక బకెట్టు, ఒక బల్బు. ఈ మూడూ లేక ఒక మనిషి ఉప్పెనకు ఎదురుగా కూర్చుంటానంటున్నది. ఆవిడ మొండిది కాదు. ఆవిడ చెప్పినది న్యాయమైన కారణము.

ఇంకొక ఇంట్లో కొత్త కోడలు, చంటిపిల్ల. "ఆయన లారీ మీద ఒరిస్సా వైపు పోయారు అన్నా. ఫోను చేసి అడగాలి. పొమ్మంటే పోతాను" అన్నది. ఫోను కలవకపోతే? దానికి ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం అంతటి నగరంలో కరెంటూ, ఫోన్లూ రోజుల తరబడి పడిపోయాయి. మన బందరులో పడిపోవని ఎవరు చెప్పగలరు?

కాబట్టి సోదరులారా, ఈ సభలో ఉన్న మగవారిని మేము సూటిగా ఒకటి అడుగుతున్నాము. ఇవాళ ఇంటికి వెళ్లి మీ ఇల్లాలితో, అమ్మతో, అక్కతో ఒక మాట చెప్పండి: "తుఫాను హెచ్చరిక వస్తే నన్ను అడగనక్కరలేదు. పిల్లలను తీసుకుని వెళ్లిపోండి." ముందుగా చెప్పి పెట్టిన మాటకు ఫోను అక్కరలేదు. కార్యవర్గం ఒక రిజిస్టరు తయారు చేసింది. అందులో ఇంటి పేరు, ఇంట్లో ఉండేవారు, నడవలేనివారు, చంటిబిడ్డలు, గర్భిణీలు, రోజూ మందు వాడేవారు, వీటికి గళ్లు ఉన్నాయి. చివరి గడిలో ఇంటి మగవారి సంతకం. ఈ సంతకం మీద కార్యవర్గంలో వాదన జరిగింది. మహిళా విభాగం సోదరి ఒకరు "మా ప్రాణం మేము కాపాడుకోవడానికి మగవారి సంతకం దేనికి?" అన్నారు. ఆమె అన్నది సబబే, ఎవరమూ కాదనలేకపోయాము. ఐనా గడి ఉంచాము. కారణం, గాలి మొదలైన రాత్రి గుమ్మం దగ్గర అత్తగారితో, మామగారితో వాదించే సమయం ఉండదు. "ఇదిగో, మీ అబ్బాయి సంతకం" అని కాగితం చూపితే ఆ వాదన తెగిపోతుంది. ఆ సోదరి కూడా చివరికి ఒప్పుకున్నారు, మనస్ఫూర్తిగా కాకపోయినా.

రెండవ సంగతి షెల్టరు. మన షాదీఖానాలో పెడదామని కొందరు సభ్యులు సూచించారు. వారి ఉద్దేశము మంచిదే. కాని మన హాలుకు రేకుల కప్పు. గంటకు నూటయాభై కిలోమీటర్ల గాలికి రేకు కత్తిలాగా ఎగురుతుంది. పైగా ఒకటే అంతస్తు. తుఫాను గడిచాక వంటలు చేసి పంచడానికి మన షాదీఖానా పనికివస్తుంది, దాక్కోవడానికి పనికిరాదు. దాక్కోవలసినది సిమెంటు స్లాబు వేసిన పై అంతస్తులో. అట్టి భవనం ఏదో కలెక్టరు గారి ఆఫీసువారే నిర్ణయిస్తారు. మన పని ఏమిటంటే, ముందుగానే అర్జీ పెట్టి, అందులో ఒక గది స్త్రీలకు వేరుగా అడగడం, ఆ గదికి దగ్గరగా ఉన్న మరుగుదొడ్డి వారికే కేటాయించమనడం. గడియ మనమే బిగిస్తాము. బకెట్లు, చాపలు, బ్యాటరీ లైట్లు సంఘం కొంటుంది. ఖర్చు ఏమంత కాదు, ఒక విందులో మిగిలిపోయే బిర్యానీ ఖరీదు. ఈ ఏర్పాటు మన వాళ్లకే కాదు, ఆ షెల్టరుకు వచ్చే ఏ ఇంటి ఆడవారికైనా. చేపల రేవు నుంచి వచ్చే బెస్తవారి అమ్మాయికీ గడియ ఉన్న తలుపే కావాలి.

మూడవది, పిలిచేవారు. వీధికి ఇద్దరు చొప్పున ఆడవారు కావాలి. ఒక్కరు వద్దు, ఇద్దరు. చదువుకున్న ఆడపిల్లలు ఒకరు, వీధిలో అందరికీ తెలిసిన పెద్దావిడ ఒకరు ఉంటే మంచిది. చిన్నమ్మాయి మాట కొందరు వినరు, పెద్దావిడ ఒక్కతే మెట్లెక్కలేదు. మసీదు మైకు గురించి ఇమాం సాహెబు గారితో మాట్లాడాము, వారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఐతే రెండు నియమాలు. ఒకటి, అధికారుల నుంచి వచ్చిన కబురే చెప్పాలి. ఎవరో ఫోనులో పంపినది, ఎక్కడో విన్నది మైకులో చెప్పరాదు. సముద్రం వచ్చేసిందన్న ఒక్క పుకారుకు జనం పరుగులు తీసి తొక్కుకోగలరు. రెండు, భాష. రేడియోలో చెప్పినట్టు "పశ్చిమ వాయవ్య దిశగా పయనించి" అంటే ఎవరికి తెలుస్తుంది? "రేపు మధ్యాహ్నం నమాజు లోపల ఈ మూడు వీధుల వారు ఫలానా స్కూలు పై అంతస్తుకు చేరాలి, ఆడవారికి వేరే గది ఉంది" అని చెప్పాలి. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఆడవారికి వేరే గది ఉందన్న మాట మాత్రం మరచిపోకుండా చెప్పాలి. ఆ మాటకే ఎక్కువమంది కదులుతారు. కరెంటు పోతే మైకు పలకదు గనుక బ్యాటరీ సిద్ధంగా ఉంచుతామన్నారు.

ఇంట్లో చేసుకోవలసినవి అక్కచెల్లెళ్లకు మాకన్నా బాగా తెలుసు. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి గట్టిగా కట్టి ఒకే చోట ఉంచండి. తుఫాను తర్వాత సాయం కోసం వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ కాగితాలే. బీపీ, షుగరు మాత్రలు వారం రోజులకు. చంటిపిల్ల ఉంటే పాలపొడి. కుట్టు మిషను గురించి చాలామంది దిగులుపడుతున్నారు. నిజమే, దాని మీదే బతుకు. పైభాగం విప్పి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టండి, అడుగుభాగం తడిసినా తర్వాత బాగు చేసుకోవచ్చు. మేకలను కట్టేసి వదలకండి, తాడు విప్పి వదలండి. కట్టేసినది మునిగి చస్తుంది, విప్పినది ఎక్కడో ఒక దిబ్బ ఎక్కుతుంది.

షెల్టరులో ఉన్నప్పుడు ఒక మోసం జరుగుతుంది. హోరున కొట్టిన గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆకు కూడా కదలదు, ఒక్కోసారి చుక్కలు కూడా కనబడతాయి. అయిపోయిందని జనం ఇళ్లు చూసుకోవడానికి బయలుదేరుతారు. అది తుఫాను కన్ను. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి, ముందు కొట్టినంత బలంగానూ, మళ్లీ కొడుతుంది. సగం దూరం నడిచినవారు రోడ్డు మీద చిక్కుకుంటారు. అధికారులు పొమ్మనేదాకా ఎవరినీ గుమ్మం దాటనివ్వకూడదు, ముఖ్యముగా పడుచువారిని. మన కుర్రవాళ్లకు మోటారు సైకిలు ఉంటే చాలు, చూసొస్తామంటారు.

తుఫాను గడిచాక తెగిపడిన కరెంటు తీగ ముట్టవద్దు, అందులో కరెంటు లేదని ఎవరు చెప్పినా సరే. నీళ్లతో పాటు పాములు ఇళ్లలోకి వస్తాయి. పరుపులు, కట్టెల మోపులు కర్రతో కదిపి చూడండి. బావి నీరు ఉప్పెనలో ఉప్పు పడుతుంది, కుళ్లు చేరుతుంది. కాచి గాని, క్లోరిన్ బిళ్ల వేసి గాని తాగాలి. జనరేటరు అద్దెకు తెస్తే ఇంటి బయటే పెట్టాలి. మూసిన గదిలో దాని పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జిల్లా కంట్రోల్ రూముకు ఫోను 1077, రాష్ట్రానికి 1070, ఏ ఆపదకైనా 112. ఈ నంబర్లు గోడ మీద బొగ్గుతో ఐనా రాసి పెట్టుకోండి. ఫోనులో దాచుకుంటే ఫోనుతో పాటే పోతాయి.

కొండపావులూరు నుంచి దళం బయలుదేరినా రోడ్డు మీద పడిన చెట్లు కోసుకుంటూ రావాలి. వారు వచ్చేదాకా ఉండేది పక్కింటివారు. అందుకే రిజిస్టరు కావాలన్నాము.

రిజిస్టరు పరదా వైపు ద్వారం దగ్గర బల్ల మీద పెట్టించాము. మహిళా విభాగం సోదరీమణులు ఇద్దరు అక్కడ కూర్చుని ఉన్నారు, రాయడం రానివారికి వారే రాసి పెడతారు. సభకు రాని ఇళ్లకు వచ్చే శుక్రవారం లోపల వారే వస్తారు. వీధిలో పిలవడానికి ముందుకు వచ్చే ఆడవారు తమ పేర్లు చివరి పుటలో రాయించగలరు. ఇప్పటికి ఏడు వీధులకు పేర్లు వచ్చినవి. కాలువ గట్టు వీధికి, దాని వెనక సందుకు ఇంకా ఎవరూ రాలేదు. ఆ రెండూ మన వీధులన్నింటిలోకి పల్లపు ప్రాంతం. భోజనాలకు లేవబోయే ముందు ఆ రెండు వీధుల వారు దయచేసి బల్ల దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాము.